యానాం పెళ్లిళ్లు, మలికుండ ప్రమాణం

ఈసారి పోస్టు కాస్త పెద్దది. విషయం కూడా నలుగురిలో ఎత్తడానికి మొహమాటపడేదే. అయినా ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ తీరిక చేసుకుని చదవాలని కోరుతున్నాను.

ముందు మనకు తెలిసిన కథతో మొదలుపెడతాను. యానాం సభ్యులకు ఇది కొత్త కాదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. యానాంకి ఒకప్పుడు కల్యాణపురం అని పేరుండేది. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని అందులో రాశారు. చట్టం సెప్టెంబరులో ఆమోదం పొందింది గానీ అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. మధ్యలో దొరికిన ఆ ఆరు నెలల్లో దేశంలో చాలాచోట్ల పసిపిల్లల పెళ్లిళ్లు హడావిడిగా జరిపించేశారు. 1931 జనాభా లెక్కల్లో బాల్యంలోనే పెళ్లయిన ఆడపిల్లల సంఖ్య అంతకుముందు కన్నా పెరిగి కనిపించడానికి ఆ తొందర కూడా ఒక కారణం. గడువు దాటిపోయినవాళ్లకు యానాం దారి కనిపించింది. అది ఫ్రెంచివాళ్ల ఏలుబడి, ఈ చట్టం అక్కడ చెల్లదు. చుట్టుపక్కల బ్రిటిష్ ఊళ్ల నుంచి పెళ్లివారు తరలివచ్చి, యానాంలో తాళి కట్టించుకుని, తిరిగి ఇంటికి వెళ్లిపోయేవారు.

ఈ కథలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. చట్టం వస్తోందంటే దానికన్నా ముందే పని కానిచ్చేయడం ఒకటి, చట్టం లేని చోటికి వెళ్లి కానిచ్చుకోవడం రెండోది. వాళ్లేమీ పిల్లల మీద పగబట్టినవాళ్లు కారు. ఈడొచ్చిన పిల్ల ఇంట్లో ఉంటే వియ్యం దొరకదనీ, కులంలో తలెత్తుకోలేమనీ భయపడినవాళ్లు.

సరిగ్గా ఈ రెండు సంగతులే ఇంకో ఆచారం చరిత్రలోనూ కనిపిస్తాయి. అది ఆడపిల్లల జననాంగాన్ని కోసే ఆచారం. కొందరు దీన్ని ఆడపిల్లల సున్తీ అంటారు. ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి, మనకెందుకు అన్న మాట మన సంఘంలోనే విన్నాను. ముంబైలో కామాఠీపురా అన్న పేరు మన కామాఠీల వల్లనే వచ్చింది కదా. అక్కడి నుంచి భెండీ బజారు నడిచిపోయేంత దూరం. ఆ భెండీ బజారు పేరు ఈ పోస్టులో మళ్లీ వస్తుంది.

ముందుగా ఆచారం ఏమిటో చెబుతాను. వైద్య కారణం ఏదీ లేకుండా ఆడపిల్ల జననాంగంలో బయటి భాగాన్ని కొంత గానీ పూర్తిగా గానీ తీసేయడం, లేదా దానికి గాయం చేయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాలుగు రకాలుగా విడదీసింది. క్లిటోరిస్‌ను గానీ దాని మీది చర్మాన్ని గానీ కోయడం మొదటి రకం. దానితో పాటు లోపలి పెదవులను కూడా కోయడం రెండోది. కోసిన అంచులను కలిపి కుట్టేసి చిన్న రంధ్రం మాత్రం మిగల్చడం మూడోది, అన్నిటికన్నా ఘోరమైనది. గుచ్చడం, గీరడం, కాల్చడం వంటివన్నీ నాలుగో రకం. దేనివల్లా ఆరోగ్యానికి ఒక్క మేలూ లేదు. రక్తం ఆగకపోవడం, చీము పట్టడం, మూత్రం పోసేటప్పుడు మంట, పెళ్లయ్యాక కాపురంలో నొప్పి, కాన్పులో చిక్కులు వస్తాయి. కొందరు పిల్లల ప్రాణం కూడా పోయింది. యూనిసెఫ్ 2024లో చెప్పిన లెక్క ప్రకారం ఇవాళ బతికి ఉన్న ఆడవాళ్లలో 23 కోట్ల మందికి పైగా ఈ కోతకు గురైనవాళ్లే. అందులో ఆఫ్రికాలో 14 కోట్ల 40 లక్షలు, ఆసియాలో 8 కోట్లు, మధ్యప్రాచ్యంలో 60 లక్షలు.

ఇది ఏ మతానిది అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. కామెంట్లలో గొడవ మొదలయ్యేదీ అక్కడే, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. ఈ ఆచారం ఇస్లాం కన్నా, క్రైస్తవం కన్నా పాతది. క్రీస్తుపూర్వం 163 నాటి ఒక గ్రీకు పత్రంలో, ఈజిప్టులోని మెంఫిస్‌లో ఒక పిల్లకు ఈ కోత చేయించాల్సిన వయసు వచ్చిందన్న ప్రస్తావన ఉంది. ఖురానులో దీని మాట లేదు. ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవుల్లో, ఇథియోపియా క్రైస్తవుల్లో కూడా ఇది ఉంది. మన దేశంలో అత్యధిక ముస్లిం కుటుంబాలకు దీని సంగతే తెలియదు. ఇక నాగరికులమనుకున్న లండన్ వాళ్ల సంగతి చూడండి. ఐజాక్ బేకర్ బ్రౌన్ అనే పేరుమోసిన శస్త్రవైద్యుడు మూర్ఛకూ, హిస్టీరియాకూ, పిచ్చికీ మందు ఇదేనంటూ ఆడవాళ్లకు క్లిటోరిస్ కోసేసేవాడు. దాని మీద 1866లో పుస్తకం కూడా వేశాడు. 1867లో తోటి వైద్యులే అతన్ని తమ సంఘం నుంచి వెళ్లగొట్టారు. కాబట్టి ఇది ఫలానా మతంవాళ్ల బుద్ధి అని ఎవరైనా రాస్తే, చరిత్ర తెలియక రాశారనుకోవాలి.

మరి కన్నతల్లి తన కూతురికి దీన్ని ఎలా చేయిస్తుంది? యానాంకి పిల్లను తీసుకెళ్లిన తల్లి ఎలా తీసుకెళ్లిందో అలాగే. చుట్టూ అందరూ కోయించుకున్న చోట, కోయించని పిల్ల అపవిత్రురాలు. ఆమె వండింది తినరు, ఆమెకు పెళ్లి కాదు, కోడలిగా ఎవరూ చేసుకోరు. ఒక్క తల్లి ధైర్యం చేసి ఆపితే ఆ ధైర్యానికి వెల కూతురే కట్టాలి. ఆచారం తప్పని లోపల అనుకునే తల్లులు ఊళ్లో వందమంది ఉన్నా, ఒకరి మనసు ఒకరికి తెలియదు కాబట్టి వందమందీ కోయిస్తూనే ఉంటారు.

ఈ ముడిని పైనుంచి విప్పబోయినవాళ్ల అనుభవం చూద్దాం. 1946లో సూడాన్‌లో ఆంగ్లేయ పాలకులు అన్నిటికన్నా ఘోరమైన రకాన్ని నిషేధించారు. మన శారదా చట్టం ముందు జరిగినట్టే, చట్టం అమలుకు ముందే తల్లిదండ్రులు చిన్నచిన్న పిల్లలకు కూడా తొందరపడి కోయించేశారు. రుఫాఆ అనే ఊళ్లో ఈ నేరం మీద ఒక ఆడమనిషిని జైల్లో పెడితే జనం తిరగబడ్డారు. ఆ నిరసనకు ముందు నిలిచిన మహమూద్ మహమ్మద్ తాహా ఆచారాన్ని మెచ్చుకున్నవాడు కాదు. పరాయి దొర జైలుతో మా ఆడవాళ్లను సంస్కరించలేడు, చదువుతోనే అది పోవాలి అన్నది అతని వాదన. రెండేళ్లు జైల్లో ఉన్నాడు. స్వతంత్ర సూడాన్ దీన్ని నేరంగా ప్రకటించడానికి 2020 దాకా పట్టింది.

కెన్యాలో జరిగింది ఇంకా విచిత్రం. 1929 ప్రాంతంలో స్కాట్లండ్ మిషనరీలు, కోత మానకపోతే చర్చిలోనూ బడిలోనూ చోటు లేదన్నారు. కికుయు జనం వేలాదిగా చర్చిని వదిలి సొంత బడులు పెట్టుకున్నారు. తరవాత దేశాధ్యక్షుడైన జోమో కెన్యాట్టా 1938లో రాసిన పుస్తకంలో ఈ ఆచారాన్ని తమ జాతి కట్టుబాటుగా సమర్థించాడు. ఆడపిల్లల శరీరం కాస్తా స్వాతంత్ర్య పోరాటానికి జెండా అయిపోయింది. 1956లో మేరు ప్రాంతంలో అక్కడి పెద్దల సభ, న్జూరి న్చెకె, నిషేధం విధించింది. ఆ సభలో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. అమ్మలనూ అమ్మాయిలనూ అడిగింది లేదు. ఏమైంది? అమ్మాయిలే బ్లేడ్లు కొనుక్కుని ఒకరికొకరు కోసుకున్నారు. వాళ్లకు గైతానా అని పేరు వచ్చింది, నన్ను నేనే కోసుకుంటాను అని దాని అర్థం. ఆడవాళ్ల కోసమని చేసిన తీర్మానం ఆడవాళ్లను కలుపుకోకుండా చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. మన సంఘం కార్యవర్గాల్లో ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టుకుని చదవండి.

ఇప్పుడు ఫలించిన కథ. పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో మలికుండ బంబారా అనే ఊరుంది. అక్కడివాళ్లు మాలి నుంచి తరాల కిందట వలస వచ్చిన బంబారాలు. చుట్టుపక్కల ఉన్న వొలోఫ్ జనంలో ఈ కోత లేదు. అంటే వీళ్లు మనలాంటివాళ్లే. పరాయి భాష నడుమ స్థిరపడి, సొంత పద్ధతులను ప్రాణంగా పట్టుకున్నవాళ్లు. వలస వచ్చినవాళ్లు పుట్టినూరి వాళ్లకన్నా గట్టిగా ఆచారాన్ని పట్టుకుంటారని షోలాపూర్‌లోనో హోసూరులోనో బరంపురంలోనో పెరిగిన మనకు వేరే చెప్పాలా? ఊళ్లో వదిలేసిన తంతులు మన ఇళ్లలో ఇంకా సాగుతుంటాయి.

ఆ ఊళ్లో తోస్తాన్ అనే సంస్థ తరగతులు నడిపింది. వొలోఫ్ భాషలో తోస్తాన్ అంటే గుడ్డు పగిలి పిల్ల బయటికి రావడం. 1991లో మోలీ మెల్చింగ్ అనే అమెరికా మహిళ దాన్ని స్థాపించింది. తరగతుల్లో చదువు, లెక్కలు, పరిశుభ్రత, ఆడవాళ్ల ఆరోగ్యం, మనిషి హక్కులు వాళ్ల భాషలోనే చెప్పేవారు. కోత మానండి అని ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకున్నారు. కోత తరవాత వచ్చే జ్వరాలూ కాన్పు కష్టాలూ దేనివల్లో తెలుసుకున్నారు. మొగుళ్లతో, ఇమాముతో, కోత వేసే మంత్రసానితో మాట్లాడారు. 1997 జూలై 31న పాత్రికేయుల ముందు నిలబడి, ఇక మా ఊళ్లో కోత లేదు అని ప్రకటించారు.

పొగడ్తలకన్నా ముందు తిట్లు వచ్చాయి. చుట్టుపక్కల బంబారా ఊళ్ల బంధువులు, ఇంటి గుట్టు రచ్చకెక్కించారని మండిపడ్డారు. ఇక్కడ కథలోకి దెంబా దియావరా వస్తాడు. కేర్ సింబారా అనే ఊరి ఇమాము, వయసు మళ్లినవాడు, బడి చదువు లేనివాడు. అతను మోలీతో చెప్పిన మాట సారాంశం ఇది. మా పిల్లలను ఒక్క ఊరివాళ్లకే ఇవ్వం, నాలుగూళ్ల వాళ్లకు ఇస్తాం, నాలుగూళ్ల నుంచి తెచ్చుకుంటాం. ఒక్క ఊరు మానేస్తే ఆ ఊరి పిల్లలకు పెళ్లిళ్లు కావు. వియ్యమందుకునే ఊళ్లన్నీ కలిసి మానాలి. చెప్పి ఊరుకోలేదు. కాలినడకన ఊరూరూ తిరిగాడు. ఎవరినీ నిందించలేదు. కూర్చుని, బంధుత్వాలు కలిపి మాట్లాడి, వాళ్ల అనుభవాలు విన్నాడు. 1998 ఫిబ్రవరిలో దియాబుగులో 13 ఊళ్ల ప్రతినిధులు కలిసి, ఇక ఈ కోత చేయించమని ప్రకటించారు. ప్రభుత్వం చట్టం చేసింది ఆ తరవాత, 1999 జనవరిలో. అప్పటి నుంచి వేల ఊళ్లు అదే దారిలో ప్రకటనలు చేశాయి. ప్రకటించిన ప్రతి ఇంట్లోనూ కోత ఆగిపోయిందని కాదు. సెనెగల్‌లో ఈ ఆచారం ఇంకా ఉంది. కానీ రహస్యంగా భయపడే వందమంది తల్లులకు ఒకరి మనసు ఒకరికి తెలిసే దారి ఒకటి ఏర్పడింది.

దెంబా దియావరా అనుభవంతో కనిపెట్టిన ఈ సంగతినే జెరీ మాకీ అనే పరిశోధకుడు 1996లో ఒక వ్యాసంలో రాశాడు. వీళ్లిద్దరూ ఒకరి గురించి ఒకరికి తెలియకుండానే ఒకే చోటికి చేరుకున్నారు. మాకీ తీసుకున్న ఉదాహరణ చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టేసే ఆచారం. వేళ్లను కిందికి మడిచి, గుడ్డతో బిగించి, పాదాన్ని చిన్నగా చేసేవారు. వందల ఏళ్లు సాగిన ఆ ఆచారం ఒకటి రెండు తరాల్లో మాయమైంది. పందొమ్మిదో శతాబ్దం చివర అక్కడ సంఘాలు పుట్టాయి. సభ్యులు రెండు ప్రమాణాలు చేసేవారు. మా కూతుళ్ల పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లను మా కొడుక్కి చేసుకోం. రెండో ప్రమాణం లేకపోతే మొదటిది నిలవదు. మా పిల్లకు పాదాలు కట్టకపోయినా ఆమెను కోడలిగా తీసుకునే ఇళ్లు ఇన్ని ఉన్నాయి అన్న భరోసా అదే.

మన పద్మశాలి, దేవాంగ సభ్యులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి. లారెల్ బాసెన్, హిల్ గేట్స్ అనే ఇద్దరు పరిశోధకులు పల్లెల్లో ముసలమ్మలను పెద్ద సంఖ్యలో పలకరించి, 2017లో ఒక పుస్తకం వేశారు. పాదాలు కట్టిన పిల్ల కదలకుండా కూర్చుని నూలు వడికేది, నేసేది, ఇంటికి ఆదాయం తెచ్చేది. మిల్లు నూలు, మిల్లు గుడ్డ వచ్చి ఆ చేతిపనికి గిరాకీ పడిపోయాక పాదాలు కట్టడం కూడా తగ్గిపోయింది అంటారు వాళ్లు. మిల్లు దెబ్బకు ఊళ్లు వదిలి వచ్చిన నేతవాళ్ల మనవలం మనం. మార్పు ప్రమాణాల వల్ల వచ్చిందా, మిల్లుల వల్ల వచ్చిందా అంటే రెండూ కలిసే వచ్చిందని నా అభిప్రాయం.

ఇక మన దేశం. దావూదీ బోహ్రాలు గుజరాతీ మాట్లాడే వ్యాపార కుటుంబాలు, షియా ముస్లింలు. ముంబై, సూరత్, ఉదయపూర్‌లలో ఎక్కువ. సికింద్రాబాదులోనూ ఉన్నారు. చదువులో, వ్యాపారంలో ముందున్నవాళ్లు. వాళ్లలో ఆడపిల్లకు ఏడేళ్లు వచ్చేసరికి ఖత్నా చేయించే ఆచారం ఉంది. మతపరంగా ఖఫ్జ్ అంటారు. పదో శతాబ్దపు తమ ధర్మశాస్త్ర గ్రంథం దాయిముల్ ఇస్లాంను వాళ్ల పండితులు ఆధారంగా చూపిస్తారు. చాక్లెట్ కొనిపెడతాననో, సినిమాకు తీసుకెళ్తాననో చెప్పి అమ్మో నానమ్మో తీసుకెళ్లేవారని, భెండీ బజారు ఇళ్లలో ఆ పని జరిగేదని పెద్దయిన ఆడవాళ్లు తామే చెప్పారు.

మొదట మాట్లాడినవాళ్లూ బయటివాళ్లు కారు. 1991లో రెహానా ఘడియాలీ అనే బోహ్రా విదుషి మానుషి పత్రికలో దీని మీద వ్యాసం రాశారు. ఇరవై ఏళ్లు పెద్దగా కదలిక లేదు. 2011లో ఒకామె తస్లీమ్ అన్న మారుపేరుతో ఆన్‌లైన్‌లో విజ్ఞప్తి పెట్టింది. 2012లో ప్రియా గోస్వామి దీని మీద డాక్యుమెంటరీ తీశారు. 2015లో మాసూమా రనాల్వీ తన పేరుతోనే తన అనుభవం రాశారు. అదే ఏడాది సహియో అనే సంస్థ మొదలైంది. వాళ్లు ఆన్‌లైన్‌లో 385 మంది బోహ్రా మహిళలను అడిగితే 80 శాతం తమకు ఖత్నా జరిగిందన్నారు. పేరు దాచుకునే రోజుల నుంచి పేరు చెప్పుకునే రోజులకు రావడానికి వాళ్లకు పాతికేళ్లు పట్టింది.

అవతలి వాదన కూడా చెప్పాలి. దావూదీ బోహ్రా మహిళల్లోనే కొందరు సంఘంగా ఏర్పడి దీన్ని సమర్థిస్తున్నారు. మాది ఆఫ్రికా కోత కాదు, చర్మం మీద చిన్న గాటు మాత్రమే, మగపిల్లల సున్తీని అడగనివాళ్లు మమ్మల్ని ఎందుకు అడుగుతారు, ఇది మా మతస్వేచ్ఛ అని వాళ్ల మాట. చిన్న గాటుకూ కుట్టేయడానికీ తేడా ఉన్నమాట నిజమే. కానీ ఏడేళ్ల పిల్లకు ఏం చేస్తున్నారో తెలియదు, ఒద్దనే నోరు లేదు. మేలు లేని గాయం చిన్నదైనా గాయమే. మగపిల్లల సంగతి వేరే చర్చ, ఆ చర్చ జరగాలంటే జరగనివ్వండి. దాన్ని అడ్డం పెట్టి ఆడపిల్లకు గాటు పెట్టడం మాత్రం న్యాయం కాదు.

2017లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. అధికారిక గణాంకాలు లేవని కేంద్ర మంత్రిత్వ శాఖ అప్పట్లో కోర్టుకు చెప్పింది. లెక్క తీయనిదానికి లెక్క ఎలా ఉంటుంది? 2018 సెప్టెంబరులో కేసును పెద్ద ధర్మాసనానికి పంపారు. 2019 నవంబరులో శబరిమల కేసుతో పాటు మతస్వేచ్ఛ ప్రశ్నల చిట్టాలో చేర్చారు. ఆస్ట్రేలియాలో మాత్రం అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2019లో చిన్న గాటు కూడా నేరం కిందికే వస్తుందని తేల్చింది. అది ఒక బోహ్రా కుటుంబానికి సంబంధించిన కేసే. విదేశాల్లోని పలు బోహ్రా జమాత్‌లు 2016లో, మీరున్న దేశపు చట్టాన్ని పాటించండి అని సభ్యులకు చెప్పాయి. దాంతో అక్కడి పిల్లలను సెలవుల్లో ఇండియాకు తీసుకొస్తారన్న ఆందోళన ఇక్కడి ఉద్యమకారుల్లో మొదలైంది. యానాం గుర్తొచ్చిందా? ఇప్పుడు మన దేశమే ఇంకొకరికి యానాం అయ్యే ప్రమాదం ఉంది.

మనం చేయగలిగింది ఏమిటి? మన పిల్లల్లో డాక్టర్లు, నర్సులు చాలామంది ఉన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేస్తున్నవాళ్లకు 2015 నుంచి, 18 ఏళ్లలోపు పిల్లకు కోత జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం చట్టరీత్యా విధి. వాళ్లకు ఈ పోస్టు పంపండి. ఇక్కడ ఏ బిడ్డకైనా ప్రమాదం ఉందని తెలిస్తే 1098కి ఫోన్ చేయవచ్చు. బోహ్రా పొరుగింటివాళ్ల మీద కూతలు కూయడానికి మాత్రం దీన్ని వాడకండి. దెంబా దియావరా ఎవరినీ తిట్టకుండానే 13 ఊళ్లను కూర్చోబెట్టాడు.

ఎందుకంటే మన ఇల్లు ఇంకా చక్కబడలేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వెళ్లినవాళ్లకు వెలి తప్పలేదు. ఒంటరి కుటుంబం నిలవలేదని, నలుగురు కలిసి నిలవాలని ఆయనకూ, డబ్బిచ్చి ఆదుకున్న పైడా రామకృష్ణయ్య గారికీ అనుభవమే. శారదా చట్టం వచ్చి దాదాపు వందేళ్లవుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. దేశ సగటు 23.3. మనం పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ ఎక్కువగా ఆ ఊళ్ల నుంచే. ఇక్కడ కుదరకపోతే సొంతూరికి తీసుకెళ్లి చేసిన పెళ్లిళ్లు మన మధ్యనే ఉన్నాయి.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన పెడదామనుకుంటున్నాను. చైనా సంఘాలవాళ్ల లాగా రెండు ముక్కలు. 18 నిండకుండా మా పిల్లకు పెళ్లి చేయం. 18 నిండని పిల్లను మా ఇంటికి కోడలిగా తెచ్చుకోం. కార్యవర్గం ఒక్కటే సంతకం పెడితే చాలదు, మేరు పెద్దల సభ లాగా అవుతుంది. ప్రతి ఇంటి నుంచి ఒక ఆడమనిషి, ఒక మగమనిషి సంతకం పెట్టాలి. మనం వియ్యమందుకునే ఊళ్ల సంఘాలకూ ఆ కాగితం పంపాలి. యానాం శాఖవాళ్లు మొదటి సంతకం పెడితే ఇంకా బాగుంటుంది. మీ అభిప్రాయాలు రాయండి. మహిళా విభాగం వాళ్లు ముందు రాస్తే మరీ సంతోషం.